భుజం మీద పుప్పొడి

నిన్న సాయంత్రం డ్యూటీకి బయల్దేరే ముందు
తీగ వెంట పన్నెండో అడుగు దగ్గర వంగి చూశాను.
మొగ్గ కొసన నారింజ రంగు గీత.
అంటే రేపు పొద్దున్నే.
జుట్టుకున్న రబ్బరు బ్యాండు లాగి
దాని మూతి కట్టేశాను.
పక్కనే రెండు మగమొగ్గలకీ అదే శిక్ష.
తేనెటీగలు నాకంటే ముందు లేస్తాయి,
ఏ తీగ పొడి ఏ తీగకో వాటికి పట్టదు.

రాత్రంతా హోబార్ట్‌లో, ప్రసూతి వార్డు.
ఇద్దరు పుట్టారు.
ఒకడు వస్తూనే కెవ్వుమన్నాడు.
రెండోది నాలుగు నిమిషాలు ఆలోచించుకుంది
ఏడవాలా వద్దా అని.
ఆ నాలుగు నిమిషాలూ నా వేళ్లు ఏం చేశాయో
చార్టులో రాశాను.
మిగతాది రాయడానికి గడి లేదు.

నీళ్ల మీది రెండు కట్టలూ దాటి
సొరెల్ చేరేసరికి ఐదూ నలభై.
మెర్విన్ అప్పటికే కంచె అవతల
మడత కుర్చీలో, చేతిలో టార్చి.
తెల్లారినా ఆర్పలేదు.
క్యాబేజీల మీద వెలుగు వణుకుతోంది.
టార్చికేం రోగం లేదు.

ముప్పై ఏళ్లు ఆయనే చేశాడు ఈ పని.
పోయినేడు మగపువ్వు పట్టుకుంటే
పొడంతా చొక్కా మీదే రాలిపోయిందట.
శీతాకాలం చివర్లో కంచె మీంచి ఒక గింజ ఇచ్చాడు,
ఒకే ఒక్కటి, బొటనవేలంత.
"నీవి అలవాటున్న చేతులు కదా" అన్నాడు.
అప్పట్నుంచీ ఇవతల నా తీగకీ
అవతల ఆయన తీగకీ
మంత్రసానిని నేనే.

మగపువ్వుని కాడతో తుంచి రెక్కలు వలిచేస్తే
మిగిలేది పసుపులో ముంచిన ఒక వేలు.
ఆడపువ్వుకి బ్యాండు విప్పాను.
చెవి దగ్గర పెడితే
కొత్త చీర మడత విప్పినంత చప్పుడు.
లోపల చెవితమ్మెల్లా ఐదు.
నాలుగుంటే మామూలు,
ఐదుంటే మెర్విన్ నోట్‌బుక్ తీస్తాడు.
ఒక్కోదానికీ మెల్లగా,
పురిటిబిడ్డ నాలుకకి తేనె రాసినట్టు.
వార్డులో ఎవరైనా తేనె తెస్తే
వద్దని కోప్పడేదీ నేనే.

"ఎక్కువ రుద్దకు" అంటాడు కంచె అవతల్నుంచి.
కాసేపాగి, "మరీ తక్కువా వద్దు."
మంచం తల దగ్గర నిలబడి
ఎంతమంది భర్తలు నాకు ఇలా నేర్పలేదూ.

మళ్లీ మూతి కట్టి, కాడకి రిబ్బను చుట్టి
తారీఖు రాశాను: డిసెంబరు ఇరవై ఏడు.
పిందె ఇప్పుడు నిమ్మకాయంత.
మార్చికి దీన్నెత్తడానికి
ఫోర్క్‌లిఫ్ట్ కావాలంటాడాయన.
నేనేం అనను. మొదటి రెండూ నిలవలేదు,
వారం పచ్చగా ఉండి
ఒక పొద్దున చేతిలోకి ఊడొచ్చాయి.
నోట్‌బుక్‌లో వాటికీ చెరో వరుస:
తారీఖు, ఎండ, గాలి, "పోయింది."
కారణం అన్నచోట ఎప్పుడూ ఖాళీయే.

లేచి నిలబడితే నా భుజం చూపించి నవ్వాడు.
నీలం యూనిఫాం మీద ఇంత పసుపు మరక.
మా భాషలో గుమ్మడికాయల దొంగెవరంటే
ఒకడు భుజాలు తడుముకున్నాడని చెప్పాను.
భుజాలెందుకు అన్నాడు.
బూడిద అంటుకుందేమోనని.
గుమ్మడికాయకి బూడిదేంటి,
ఆ రకం ఎంత బరువు తూగుతుంది,
దొంగకి ఎన్నాళ్లు వేశారు,
సామెత ప్రాణం పోయేదాకా అడిగాడు.

వంటింట్లోకొచ్చి టీ పెట్టాను.
ఫోన్ బల్ల మీద బోర్లా ఉంది, తిప్పలేదు.
పిందె సంగతి వారానికి గాని తెలీదు,
పిల్ల సంగతి మూడు రోజులన్నారు డాక్టర్లు.

కిటికీలోంచి చూస్తే మెర్విన్,
ఎవరూ చూడట్లేదనుకుని,
వణికే చేత్తో తన భుజం
ఒకటికి రెండుసార్లు తడుముకుంటున్నాడు.
ఒళ్లో టార్చి ఇంకా వెలుగుతోంది.